ఊరి కంపెనీకి నలభై ఒక్క మంది సూపర్‌వైజర్లు

హన్మాండ్లు దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో ఇరవై అయిదేళ్లుగా బాటల మీద పరిచే సిమెంటు టైల్స్ చేస్తున్నాడు. సొంతూరు తుంగెనపేటలో మాత్రం ఆయన సూపర్‌వైజర్.

అబద్ధమాడాలని ఆడలేదు పాపం. దుబాయ్ చేరిన కొత్తలో భార్య భూమవ్వ ఊళ్లోని ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి ఏం పని అని అడిగింది. బూత్‌లో ఫోనంటే వాడకట్టంతా చెవులు రిక్కించి వినేది. పొద్దంతా ఇసుక, కంకర, సిమెంటు కలుపుతానని అంతమందిలో చెప్పడానికి నోరు రాలేదు. సూపర్‌వైజర్ అనేశాడు. ఇక అక్కడి నుంచి ఆ మాటను మోయక తప్పలేదు. సెలవు మీద వచ్చినప్పుడల్లా పొడుగు చేతుల చొక్కా, నల్ల బూట్లు. పగిలిన అరచేతులు చూసి ఎవరైనా అడిగితే ఏసీ పడలేదనేవాడు, జనం నమ్మేవారు. కూతురు కరుణ పెళ్లి కూడా ఆ హోదా మీదే జరిగింది.

తుంగెనపేట పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయ్యాక, ఊరికి సొంతంగా ఒక కంపెనీ పెట్టాలన్న మాట పుట్టింది. కరోనాలో పనులు పోయి గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు ఊళ్లో ఖాళీగా తిరుగుతుంటే చూడలేక పుట్టిన మాట అది. పట్టణ అభివృద్ధి సంస్థ అని పేరు పెట్టి రిజిస్టర్ చేయించారు. ఎవరూ ఆ పేరుతో పిలవరు, ఊరి కంపెనీ అంటారు. సభ్యుల్లో సగం మంది ఊళ్లో ఉంటే సగం మంది ఎమిరేట్స్‌లో ఉన్నారు. రిటైరైన మాలతి టీచర్ అధ్యక్షురాలైంది. ఊళ్లో చాలామంది ఆమె చేతి దెబ్బలు తిన్నవాళ్లే, ఎదురు నిలబడే ధైర్యం ఎవరికుంటుంది?

మొదటి పనిగా ఊరి వీధులకు కావలసిన టైల్స్ మనమే చేద్దామనుకున్నారు. మూతబడ్డ పత్తి జిన్నింగ్ మిల్లు షెడ్డు దొరికింది, మిషను వచ్చింది. కానీ మొదటి విడత టైల్స్ బండి చక్రం కిందికి రాకముందే పగిలిపోయాయి. రెండో విడత చేత్తో నలిపితే పొడి అయ్యాయి. షెడ్డులో పని ఎట్లా సాగుతోందో చూపే వీడియో వాట్సాప్‌లో వచ్చిన రోజు హన్మాండ్లు లేబర్ క్యాంపులో మంచం మీద కూర్చుని నాలుగుసార్లు చూశాడు. తప్పెక్కడుందో ఆయనకు మొదటిసారికే తెలిసిపోయింది. నీళ్లు ఎక్కువ పోస్తున్నారు. పైగా తీసినవాటిని ఎండలో ఎండబెడుతున్నారు.

తెలిసి ఏం లాభం? చెబితే ఎట్లా తెలుసని అడుగుతారు. చెప్పకపోతే కంపెనీ మూత పడుతుంది. దానితోపాటే, ఊళ్లో పని చేసుకుంటూ ఇంట్లో ఉండవచ్చునని ఆయన లోలోపల పెట్టుకున్న ఆశ కూడా పోతుంది. వారం రోజులు సరిగా అన్నం తినలేదు మనిషి.

ఆదివారం దుబాయ్‌లోని కరామాలో రత్నాకర్ ఇంట్లో మీటింగు. రత్నాకర్ ఆ ఊరివాడే, ఆఫీసులో అకౌంటెంటు, గల్ఫ్ సభ్యులకు పెద్దదిక్కు. హాల్లో చాప మీద ఇరవై మంది సర్దుకున్నారు, మిగతావాళ్లు క్యాంపుల నుంచి ఫోన్లలో కలిశారు. టీవీకి కలిపిన వీడియో కాల్‌లో అటువైపు జిన్నింగ్ మిల్లు షెడ్డు కనిపిస్తోంది. ముందు వరసలో మాలతి టీచర్, ఆమె పక్కనే భూమవ్వ.

ఎవరికి ఏ పని వచ్చో రాసివ్వమని రత్నాకర్ ముందే ఒక ఫారం పంపాడు. ఇప్పుడు దాన్ని చదువుతూ తల పట్టుకున్నాడు.

“అరువై రెండు మందిల నలభై ఒక్క మంది సూపర్‌వైజర్లే రాసిన్రు. గింతమంది సూపర్‌వైజర్లయితే దుబాయ్‌ల పని జేసేటోడెవడే అన్నా?”

ఎవరూ నవ్వలేదు. అందరూ చాప అల్లిక ఎట్లా ఉందో చూస్తూ కూర్చున్నారు.

టీవీలో మాలతి టీచర్ గొంతు సవరించుకుంది. “టైల్స్ పని తెలిసినోళ్లు ఒక్కలు గూడ లేరా మనల? లేకుంటే మిషను వాపస్ ఇచ్చేద్దాం. ఉత్తగ ఊరిని ఆశ పెట్టుడు ఎందుకు?”

హన్మాండ్లు టీవీ వైపు చూశాడు. ఎదురుగా భూమవ్వ ముఖం. నలుగురిలో ఆమె తల దించుకోవలసి వస్తుందేమోనన్నదే ఆయన భయం. అయినా లేచి నిలబడ్డాడు. పనిలో మేనేజరు ముదీర్ ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకున్నాడు.

“టీచరమ్మా, నీళ్లు ఎక్కువైతున్నయి. కలిపిన మాలు గుప్పిట్ల పట్టి పిసికితె ముద్ద నిలవాలె, చేతికి నీళ్లు కారొద్దు. తీసిన టైల్స్‌ను ఎండల పెట్టొద్దు. తడి గోనెసంచులు కప్పి వారం రోజులు తడుపాలె.”

“నీకెట్ల తెలుసు హన్మాండ్లూ?” అని అడగనే అడిగింది టీచర్.

“ఇరవై అయిదేండ్ల సంది అదే పని జేస్తున్న. నేను సూపర్‌వైజర్‌ను కాదు. ఎన్నడు గూడ కాలేదు.”

మూల నుంచి భూమేశ్ అనే సభ్యుడు మెల్లగా చెయ్యెత్తాడు. “రత్నాకర్ సార్, నాది గూడ కొట్టెయ్యి. నేను డ్రైనేజీ ట్యాంకర్ మీద చేస్త. మోటర్ల రిపేరు మంచిగొస్తది.” తరువాత ఇంకొకరు, ఆ తరువాత ఫోన్లలోంచి మరికొందరు. సాయంత్రానికి రత్నాకర్ దగ్గర వెల్డర్లు, మేస్త్రీలు, వంటవాళ్లు ఉన్న అసలైన జాబితా తయారైంది, సూపర్‌వైజర్లు ముగ్గురే మిగిలారు. షెడ్డు బాధ్యత హన్మాండ్లుకే ఇస్తున్నామని మాలతి టీచర్ అందరి ముందూ చెప్పింది.

ఆయనకు ఆ మాట సరిగా వినబడలేదు. అప్పటికే టీవీలో భూమవ్వ కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన మాట పూర్తవుతూనే ఆమె లేచి వెళ్లిపోయింది.

కరామా బస్టాపులో కూర్చుని ఫోన్ చేశాడు. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది.

“తప్పయింది భూమవ్వా. అందరిల నీ ఇజ్జత్ తీసిన.”

“ఇజ్జత్ ఏంది, నీ మొకం,” అన్నది ఆమె. ఏడ్చిన గొంతు. “కరుణ నాయినా, పదేండ్ల కింద నువ్వు నడుం నొస్తుందన్నవు. ఏసీల కుర్సీ మీద కూసున్నోనికి నడుం నొప్పేందని నేను నవ్విన. పక్కోళ్లకు గూడ చెప్పి నవ్విన. గా మాట యాదికొచ్చింది. అక్కడ కూసోబుద్ధి గాలె.”

ఆమె నవ్విన ఆ రోజు తరువాత హన్మాండ్లు ఏ నొప్పినీ ఇంటికి చెప్పలేదు. ఎప్పుడడిగినా మంచిగనే ఉన్న అనేవాడు.

“ఇప్పుడెట్లున్నది నడుం?” అని అడిగింది భూమవ్వ.

అలవాటు కొద్దీ మంచిగనే ఉన్నదనబోయి ఆగాడు. “నొస్తుందే,” అన్నాడు. “పొద్దుగాల మంచం పట్టుకోనిదే లేవరాదు.”

“ఇంకా?” అన్నది ఆమె.

మోకాళ్ల గురించి మొదలుపెట్టాడు. ఆయన ఎక్కవలసిన బస్సు వచ్చి తలుపులు తెరిచి, ఆయన కదలకపోవడంతో వెళ్లిపోయింది.