మా మామ కోతమిషన్‌లో గ్యాసు ఆయిల్

కోదాడలో ఇంజన్ ఆయిల్ అమ్ముకునే నాకు ఒళ్లుమండే విషయం ఒకటుంది. ఎంత మంచి డబ్బా తెచ్చి ముందు పెట్టినా మనవాళ్లు మూత తీసి, రెండు వేళ్లకు రాసుకుని, వాసన చూసి తీర్పు చెప్పేస్తారు. డబ్బా మీద రాసింది ఒక్కడూ చదవడు. అలా చదవనివాళ్లలో మొదటివాడు నాకు పిల్లనిచ్చిన మామ.

మామది మిర్యాలగూడ దగ్గర త్రిపురారం. ఆయన ప్రాణమంతా వరికోత మిషన్ మీదే. నా పెళ్లయి పదకొండేళ్లయినా అందులో నా దుకాణం ఆయిల్ ఒక్క చుక్క పోయనివ్వలేదు. సొంత అల్లుడి సరుకు ఎందుకు వాడవని ఊళ్లో ఎవరైనా ఆయన్ని అడిగితే నాకు తల కొట్టేసినట్టుండేది.

పోయిన యాసంగి కోతలకు ముందు, సహజవాయువుతో చేసిన ఆయిల్ డబ్బా పట్టుకెళ్లాను. భూమిలోంచి తీసిన గ్యాసును విడగొట్టి, పూసలు దండగా గుచ్చినట్టు మళ్లీ పొడుగ్గా కలిపి, ముందు మైనంలా చేసి, దాన్నుంచి ఈ ఆయిల్ తీస్తారని అరగంట వివరించాను. కెమిస్ట్రీ డిగ్రీ చదివినందుకు నాకు మిగిలిన సుఖం అదొక్కటే. మామ ఓపిగ్గా విని, మూత తీసి, వేళ్లకు రాసుకున్నాడు. రంగు ఉందా లేదా అన్నంత తేటగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసనా లేదు.

"నీళ్లు" అన్నాడు. వేళ్లు తుడుచుకుంటూ, "గ్యాసు పొయ్యిల మండుతది. ఇంజన్ల మండదా?" అన్నాడు.

అది ఇప్పుడు గ్యాసు కాదు మామా అంటూ నేను మళ్లీ మొదటినుంచి అందుకోబోతే అత్తమ్మ హడలిపోయింది. అల్లుడు ఇంతగా చెప్తుంటే ఒక్కసారి పోసి చూడరాదా అని ఆయన మీదికి లేచింది.

"పాడైతే నీదే జిమ్మా" అన్నాడు మామ, నా ముఖం చూడకుండా. పోసేశాం.

మూడోరోజు పొద్దున ఫోన్ చేసి, జల్ది రమ్మని పెట్టేశాడు. హుజూర్‌నగర్ మీదుగా బండి తోలుతూ దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. కోతలప్పుడు మిషన్ మూలపడితే ఆయన సీజన్ గంగలో కలిసినట్టే. నేనిక ఆ గడప తొక్కలేను. తీరా పొలానికి వెళ్తే నిజంగానే మిషన్ ఆగి ఉంది. చుట్టూ నలుగురు రైతులు.

దగ్గరికెళ్తే డ్రైవర్ మిషన్ నీడన కూర్చుని సద్ది తింటున్నాడు. ఆగింది అందుకు. మామ ఆయిల్ గేజు బయటికి లాగి, కొసనున్న చుక్కను నా అరచేతికి రాశాడు. కాటుకలా నల్లగా ఉంది. ఇంజన్‌లో మసిని పట్టుకుంటే ఆయిల్ అలాగే నల్లబడుతుందని, పాడైనట్టు కాదని గబగబా చెప్పుకుపోయాను. ఆయన వినలేదు.

"ఇగ ఇప్పుడు ఆయిల్ లెక్క ఉన్నది" అని, రైతుల వైపు తిరిగాడు. "మా అల్లుడే. గ్యాసును ఆయిల్ చేస్తడు."

నన్ను పిలిపించింది వాళ్లకు చూపించడానికట. చేసేది నేను కాదు, అమ్మడమే నా పని అని చెప్పాలి. పదకొండేళ్లు ఎదురుచూసిన మాట, చెడగొట్టుకోవడానికి నోరు రాలేదు. ఇంతలో ఒక రైతు, తమ ఇంట్లో పేడతో చేసే గోబర్ గ్యాసు ఉందని, అది కూడా పనికొస్తుందా అని అడిగాడు.

"తెచ్చియ్యి, చేస్తడు" అన్నాడు మామ.

ఎప్పుడు తేవాలని ఆ రైతు నన్నడిగాడు. మామ నా వంకే చూస్తున్నాడు. కోతలయ్యాక తెమ్మన్నాను.