పళ్ళ డాక్టరు బోర్డు మీది మొహం

“పళ్ళనొప్పి వాడికి అంత అందం ఎందుకు చెల్లీ? వాచిన బుగ్గ ఒకటి వేసి ఊరుకోవాల్సింది. నాకు బుద్ధి లేదు.”

బ్రష్షన్న టర్పెంటైన్ గుడ్డతో తుడిచిన వేళ్ళే మళ్ళీ తుడుచుకుంటున్నాడు. సైకిలు షాపు మీద అతనుండే ఒంటిగదికి నేను తరచూ వెళ్తుంటాను. ఇప్పుడేం వేస్తున్నావు, ఆ ఊహ ఎక్కడిది అని అడిగి, చెబుతుంటే వింటూ కూర్చోవడం నాకు సరదా. ఊళ్ళో సగం దుకాణాల బోర్డులు అతని చేతివే.

“మూడు రోడ్ల దగ్గర బుగ్గ పట్టుకుని నిలబడ్డవాడేనా? బాగుంటాడు అన్నయ్యా.”

“అదిగో, నువ్వూ అదే మాట!”

మామూలుగా దుకాణంవాళ్ళు ఒక ఫొటో ఇస్తారు. దానిమీద సన్నగా గళ్ళు గీసి, రేకుమీద అవే గళ్ళు పెద్దవిగా గీసి, గడికి గడి దించుతాడు. చెయ్యి తిరిగిందన్న ధీమాతో ఈమధ్య ఫొటోలు అడగడం మానేశాడు. ఫొటో లేకపోతే చెయ్యి తనకు బాగా తెలిసిన మొహాన్నే వెతుక్కుంటుందని అతనికి తట్టలేదు. సూట్ల కొట్టు పెళ్ళికొడుకు, సెలూన్లో నున్నగా గడ్డం గీయించుకున్నవాడు, కళ్ళజోళ్ళ షాపులో నవ్వేవాడు, అందరిదీ ఒకటే మొహం. కుడి కనుబొమ్మ కాస్త పైకి లేచి, చిల్లర ఇస్తారా లేదా అని అడుగుతున్నట్టుంటుంది.

ఆ కనుబొమ్మ బస్సు కండక్టరుది. కండక్టరు బ్రష్షన్న ప్రేమించే మనిషి. ఆ మాట నాతో దాపరికం లేకుండా చెప్పుకున్నది బ్రష్షన్నే. కండక్టరు మాత్రం ఇంట్లో ఇంకా చెప్పలేదు. డ్యూటీ దిగి ఈ గదికొస్తే సంచీ మేకుకి తగిలించి, కిటికీ దగ్గర కూర్చుని ముందు బూట్లు విప్పుకుంటాడు. ఆ మేకు ఇప్పుడు ఖాళీగా ఉంది.

“వాళ్ళమ్మ, చెల్లెలు వాడి బస్సులోనే ఎక్కారట. మూడు రోడ్ల దగ్గర బస్సాగింది. ఆ పిల్ల కిటికీలోంచి చూసి, ‘అమ్మా, అన్నయ్య పళ్ళ డాక్టరు దగ్గర ఏడుస్తున్నాడే!’ అందట. బస్సంతా నవ్వు. వాడూ నవ్వాడు పాపం. సెలూన్ బోర్డొచ్చేసరికి వాళ్ళమ్మ నవ్వడం ఆపేసిందట. ‘ఎవడ్రా ఈ బొమ్మలేసేవాడు? నిన్నే ఎందుకేస్తున్నాడు?’ అని అడిగిందట.”

“మరి ఆయనేమన్నాడు?”

“తెలియదన్నాడు. నన్ను తెలియదన్నాడు చెల్లీ. ఆ మాట వాడిచేత అనిపించింది నేనే కదా.”

ఆ సాయంత్రం కండక్టరు వచ్చాడు, కూర్చోలేదు. బూట్లు విప్పలేదు. “ఇంట్లో చెప్పాల్సింది నేను. ఎప్పుడు చెప్పాలో కూడా నేనే చూసుకోవాలి. నువ్వు ఊరంతా బోర్డులెక్కిస్తే ఎలా?” అన్నాడట. అరవలేదట. అరిచుంటే బాగుండేదంటాడు బ్రష్షన్న.

మర్నాటినుంచి అద్దె నిచ్చెన భుజానేసుకుని, పాత బోర్డుల మీది మొహాలు మారుస్తూ తిరుగుతున్నాడు. కొత్త పని ఒక్కటీ ఒప్పుకోలేదు. ఒకడికి గడ్డం పెట్టాడు, ఒకడికి ముక్కు లావు చేశాడు. పెళ్ళికొడుక్కి మీసం పెడితే సూట్ల కొట్టాయన బయటికొచ్చి, “ఏంటయ్యా ఇది? పెళ్ళికొడుకుని మామగారిని చేశావు!” అని కేకలేశాడట. చెబుతూ నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

“ఆ బొమ్మేంటి అన్నయ్యా, గోడవైపు తిప్పి పెట్టావు?” అని అడిగాను.

ప్లైవుడ్ చెక్కని నావైపు తిప్పాడు. కిటికీ దగ్గర కూర్చుని వంగి బూటు లేసు విప్పుతున్న మనిషి. వేళ్ళు, మెడ వెనక చెమటకి అంటుకున్న కాలరు, నేలమీద వెలుతురు, అన్నీ పూర్తయ్యాయి. మొహం ఉండాల్సిన చోట మాత్రం వట్టి తెలుపు.

“ఇదొక్కటే వాడిని అడిగి వేసింది. వాడంతట వాడే కూర్చున్నాడు. తీరిగ్గా వేద్దామని మొహం చివరికి ఉంచుకున్నా. అడక్కుండా వేసినవాటికి అన్నిటికీ మొహం ఉంది. అడిగి వేసినదానికి లేదు.”

“చూడకుండానే వేయగలవుగా?”

“వేయగలను. అందుకే వేయను. వాడొచ్చి వెయ్యమనాలి. రాకపోతే ఇది ఇలాగే ఉంటుంది.”

చెక్కని మళ్ళీ గోడవైపు తిప్పేశాడు. నేను చెప్పులేసుకుంటుంటే మెట్లదాకా వచ్చాడు.

“చెల్లీ, మూడు రోడ్ల మీదుగానే కదా నువ్వెళ్ళేది? ఆ పళ్ళ డాక్టరువాడికి నిన్న కనుబొమ్మ దించేశాను. దవడ కూడా మార్చాను. నాకేమో ఎంత మార్చినా వాడే కనిపిస్తున్నాడు. నా కళ్ళని నమ్మలేను. బస్సాగేచోట నిలబడి ఒకసారి చూసి చెప్పు. ఇంకా పోలికుంటే ఉందని చెప్పేయ్, రేపే నిచ్చెన తీసుకెళ్తా.”

“లేకపోతే?”

“లేకపోయినా చెప్పు,” అన్నాడు గుడ్డ మడత పెడుతూ. “కాకపోతే అది కాస్త మెల్లిగా చెప్పమ్మా.”