సంత ఆడవాళ్ల గొంతు

తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో మా ఊరు. ప్రతి మంగళవారం సంత జరుగుతుంది. సంత గేటు పక్కనే నా దుకాణం. జిరాక్సులు తీస్తాను, రీచార్జీలు చేస్తాను, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతాను.

కిందటేడు వేసవిలో పంచాయతీవాళ్లు సంత గోడకు ఒక క్యూఆర్ కోడ్ అతికించి వెళ్లారు. సంతకు ముందుగా ఏం కావాలో జనమే చెప్పాలట. ఫోన్‌తో స్కాన్ చేస్తే మూడు పనులు కనిపించేవి: రేకుల షెడ్డు, సిమెంటు నేల, గేటుకు పెద్ద కమాను. వాటి కింద ‘ఇంకేమైనా’ అని ఒక ఖాళీ గడి, పక్కన మైకు బొమ్మ. ఒక్కోదానికి ఎంతమంది ఓటేశారో అంకె కూడా కనిపించేది.

కుర్రాళ్లు కొందరు కమానుకు నొక్కారు తప్ప రెండు వారాలు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మూడో మంగళవారం, వడమాలపేట నుంచి కనకాంబరాలు తెచ్చి అమ్మే అక్క రీచార్జికి వచ్చింది. గోడ మీద అదేందని అడిగితే చెప్పాను.

“కమాను ఏం చేసుకునేది మేము?” అని నవ్వింది. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “మాకు కావాల్సింది వేరే ఉండాదమ్మా. మొగోళ్ల ముందర చెప్పేదానికి నోరు రాదు.”

అదేమిటో నాకు తెలుసు. సంతలో మరుగుదొడ్డి లేదు. నేనైతే మధ్యాహ్నం ఇంటికి వెళ్లి వస్తాను. దూరం నుంచి వచ్చి అమ్ముకునే ఈ ఆడవాళ్లకు ఆ వీలు లేదు.

నా ఫోన్‌తో కోడ్ స్కాన్ చేసి, మైకు బొమ్మ నొక్కి ఆమె చేతికిచ్చాను. “దీనికి చెప్పక్కా. పేరు చెప్పే పనిలేదు.”

ఆమె ఫోన్ చెవికి పెట్టుకుని “హలో” అంది. నేను నవ్వు ఆపుకుని దాన్ని నోటి దగ్గరికి జరిపాను.

“సారూ, నేను పద్దెనిమిదేండ్లుగా ఈడ పూలమ్ముతాండా. సంత రోజు గుక్కెడు నీళ్లు తాగాలంటే భయం. ఆడోళ్లకు ఒక బాత్రూము కట్టిచ్చండి. తలుపుకు లోపల గడియ ఉండాల.”

తెర మీద పచ్చ టిక్కు వచ్చింది. “పోయిందా?” అంది. పోయిందన్నాను. పది నిమిషాల్లో మరో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ తర్వాత చింతపండు అమ్మే అవ్వ వచ్చింది, చేపలామె వచ్చింది. జిరాక్సు కోసం వచ్చిన మగవాళ్లను కాసేపాగి రమ్మన్నాను. సాయంత్రానికి ‘ఇంకేమైనా’ పక్కన అంకె కమానును దాటేసింది. ఓట్ల లెక్కింపు చూస్తున్నట్టు క్షణానికోసారి ఫోన్ తెరిచాను. ఇంటికెళ్లినా అన్నం మీద ధ్యాస నిలవలేదు.

నెలాఖరున గ్రామసభ. పూల అక్కా నేనూ వెళ్లి వెనక కూర్చున్నాం. ఆడవాళ్ల మరుగుదొడ్డికే ఎక్కువ ఓట్లు పడ్డాయని కార్యదర్శి చదివి వినిపించగానే ఒక వార్డు మెంబరు లేచాడు. “ఫోన్లో ఎవురు మాట్లాడినారో ఎవురికి తెలుసు? ఒకరే పదిసార్లు చెప్పింటారు.”

 నేను లేచాను. “వినిపించండి సార్. అందరూ వింటారు.”

కార్యదర్శి ల్యాప్‌టాప్‌ను స్పీకరుకు కలిపాడు. మొదట చింతపండు అవ్వ గొంతు వచ్చింది. “నాకు షుగరుండాది నాయనా. మాటిమాటికీ పోవాల్సొస్తాది. నేను యాడికి పోయేది?”  ఇంకో గొంతు. ఇంకొకటి. నాలుగోది మొదలవగానే ఆ మెంబరే చెయ్యెత్తాడు.

“ఆపప్పా. అది మా వదిన గొంతు.” కార్యదర్శి వైపు తిరిగాడు. “ఇన్నేండ్లు ఆకుకూరలు తెచ్చి అమ్ముతాండాది, ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. రాసుకోండి. ముందు అదే కట్టాల.”

స్థలం సంత వెనక గోడ దగ్గర అని ఎవరో అన్నారు. నా పక్కనుంచి పూల అక్క లేచింది. ఆమె చేతిలో ఫోన్ లేదు. “ఆడ వద్దు. మనుషులు తిరగని సోటు. గేటు పక్కన కట్టండి.” అందరూ తిరిగి చూశారు. ఆమె కూర్చోలేదు. తీర్మానంలో గేటు పక్కన అని రాసేదాకా అలాగే నిలబడింది. 

వానాకాలం ముగిసేలోపు అది తయారైంది. మొదటి వారం కొళాయిలో నీళ్లు రాలేదు. పూల అక్క నన్ను అడగకుండానే తన ఫోన్లో ఆ కోడ్ తెరిచి ఫిర్యాదు రికార్డు చేసి పంపింది. మరుసటి సంతకు నీళ్లొచ్చాయి.

నిన్న బస్టాపు ఎక్కడుండాలని గోడ మీద కొత్త కోడ్ అంటించారు. ఇవాళ సంత రోజు, నేను షట్టర్ ఎత్తేసరికే చేపలామెకూ ఆకుకూరలామెకూ దాని మీద వాదన నడుస్తోంది.