ఆమెన్ చెప్పని కీర్తన

ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కినప్పటి నుంచి నాకు కుదురు లేదు. కిటికీ అద్దం తీస్తాను, మూస్తాను, ఫోన్ చూస్తాను. ప్రయాణానికి ముందు మా ఇంట్లో అందరం ఒకే కీర్తన చదువుతాం. మనల్ని కాపాడేవాడు నిద్రపోడని చెప్పే కీర్తన అది. ఆ రోజు పైకే గొణుక్కుంటున్నా నాకది సగంలోనే తప్పిపోతోంది. తప్పితే మళ్లీ మొదటికి రావాలని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్పారు. వస్తూనే ఉన్నాను.

పక్క సీట్లోని పెద్దామె నా వైపు తిరిగింది.

"ఏందమ్మా, ఆడికే వచ్చి ఆగిపోతాండావ్?"

"మనసు నిలవడం లేదమ్మా."

"అది నెమ్మదిగా ఉన్నోళ్లు చదివేది. నీకిప్పుడు పోట్లాడేది కావాల."

నా ముఖం చూడకుండా ఎందుకు దాక్కున్నావని దేవుణ్ణే నిలదీసే కీర్తన ఒకటి ఆమె గట్టిగా అందుకుంది. ముందు సీటువాళ్లు తిరిగి చూశారు. నాకు సిగ్గేసింది.

"మెల్లగా చెప్పమ్మా, అందరూ ఇంటాండారు."

"ఆయన ఇనాల గదా!"

కీర్తన ముగిసింది. అలవాటుగా ఆమెన్ అనబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"జవాబు రానీ. అప్పుడు చెప్దువులే."

శిరివెళ్లలో దిగిపోయింది.

నంద్యాలలో నా పని ఏమైందో ఇక్కడ అనవసరం. రోజూ ఆ పోట్లాడే కీర్తనే చదువుతున్నాను. ఆమెన్ ఇంకా చెప్పలేదు.