ఝుమ్మనే ఫ్రిజ్

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. ఆ ఎండాకాలం కొన్నాళ్లు అమ్మ లేవకముందే వంటింట్లోకి పోయి, షాక్ కొడుతుందేమోనని ఫ్రిజ్‌ను చేతి వెనకవైపుతో తాకి చూసేదాన్ని. అమ్మలాగే ఉత్తకాళ్లతో.

ముట్టుకుంటే సన్నగా ఝుమ్మనేది. ఫ్రిజ్ ఝుమ్మంటోందని మాత్రం నాయనకు చెబితే, "పాతది గదా, ఆ మాత్రం ఉంటుంది. చెప్పులేసుకుని తీయండి" అన్నాడు. మా వంటింట్లోనే దేవుడి గూడు ఉంది. అక్కడ చెప్పులేసుకోవడానికి అమ్మ ఒప్పుకోలేదు.

"నన్ను దేవుడే చూసుకుంటాడులే."

"ఆయనకు కరెంటు పని రాదే" అని నాయన నవ్వినాడు.

ఒకరోజు పొద్దున అమ్మ అంట్లు తోముతూ తడిచేతులతోనే పాలకోసం లేచింది. ఫ్రిజ్ తలుపు పట్టుకోగానే ఎవరో విదిలించినట్టు వెనక్కి తూలింది. ఆ ఊపుకు తలుపు తెరుచుకుని, అంచున ఉన్న పాలగిన్నె బండల మీద పడింది. గోడకు ఆనుకుని "ఏం కాలేదు, జారింది" అంది. పెదాలు తెల్లబడి ఉన్నాయి.

నేను గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. మార్కాపురం కాలేజీలో హాజరు పలికితే మేడమ్‌కు వినపడక మళ్లీ పిలిచేది. ఆ రోజు మాత్రం వరండాలోకి పోయి మెయిన్ స్విచ్చి దించేసినాను. ఫ్యాన్ ఆగిపోయి, నాయన బనియన్ మీదే బయటికొచ్చినాడు.

"కరెంటు పోయిందా?"

"నేనే ఆపినాను నాయనా. ఫ్రిజ్ చూపించిందాకా వేయను."

బోర్డుకు అడ్డంగా నిలబడినాను. నాయన నన్ను చూసి, లోపల ఒలికిన పాలు చూసి, ఫోన్ తీసినాడు.

వైరింగ్ పని చేసే మామ మా వీధిలోనే ఉంటాడు. వచ్చి ఫ్రిజ్ వెనక్కి వంగినాడు. లోపలి వైరును ఎలుక కొరికింది. ప్లగ్గు పైకెత్తి, "మూడో పిన్ను ఏమైంది బావా?" అన్నాడు.

"బోర్డుకు రెండే బొక్కలుండె. నేనే కోసేసినా."

"కరెంటును నేలలోకి పంపే ఆ పిన్నే లేకపోతే, తెగిన వైరు కరెంటు మా అక్క ఒంట్లోంచి పోవాల్సిందే గదా?"

అమ్మే కల్పించుకుని, "సర్లే, టీ తాగుపో. చల్లారిపోతాది" అంది.

వైరు మార్చి, పెరట్లో ఎర్త్ గుంట తీసి, మూడు పిన్నుల బోర్డు, షాక్ కొడితే దానంతటదే పడిపోయే ట్రిప్పర్ పెట్టేసరికి సాయంత్రమైంది. మామ టెస్టర్ పెట్టి చూసి తలూపినాడు. అమ్మ తలుపు తీసి పెరుగు బయటికి తెచ్చింది.

నాయన నా పక్కన వచ్చి నిలబడి, బోర్డువైపే చూస్తూ అన్నాడు.

"ఇంకోసారి అట్ల ఝుమ్మనిపిస్తే నాకోసం కాచుకోవాకమ్మా. మెయిన్ ఆపేసెయ్."