డిక్కీలో పాట

కారులో పాటలు రావాల్సిందేనని మా ఆయన పట్టుబట్టకపోతే నా సీటు నాకు ఉండేది. ఈ మాట ముందుగా చెప్పేస్తే నాకు కాస్త తెరిపి.

యుద్ధం అయిపోయిన కొత్తల్లో విశాఖపట్నంలో ఒక దొర తన దేశానికి పోతూ కారు వదిలించుకుంటే, మా ఆయన దాన్ని తుక్కు ధరకు కొని చీపురుపల్లి తెచ్చారు. స్పోర్ట్స్ కారు అని చాలా గొప్పగా చెప్పేవారు. పైన కప్పు లేదు, ముందు రెండే సీట్లు. వెనకాల మూత ఎత్తితే ఒక మనిషి ముడుచుకుని కూర్చునే చోటు ఉండేది, దాన్ని డిక్కీ అనేవారు. "ఇది కారేటిరా, నీళ్ల తొట్టి" అని మా అత్తగారు తేల్చేశారు. మాది గోగునార, బెల్లం వ్యాపారం. కొట్లో చిటికెడు బెల్లం వృథా కానివ్వని మనిషి ఆ తొట్టి దగ్గరికి వెళ్లేసరికి పసిపిల్లాడైపోయేవారు.

అలాంటి రోజుల్లో పాతపట్నం నుంచి పెద్దమ్మ కూతురి పెళ్లికి పిలుపు వచ్చింది. మా పెళ్లికి పెద్దమ్మ వాళ్లు రాలేదు. మైల అని కబురు చేశారు గాని, నార కొట్టువాళ్లకు నన్నివ్వడం ఆవిడకు ఇష్టం లేదని నాకు తెలుసు. ఆ ఇంట్లో ఆయన్ని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే ఆ ప్రయాణం మీద నేను చాలా ఆశలు పెట్టుకున్నాను. ఆయన పక్కన కూర్చుని వెళ్లి కారు దిగాలి, పెద్దమ్మ ఎదురొచ్చి ఆయన కాళ్లకు నీళ్లివ్వాలి. ఆయన ఎలాంటివారో ఆవిడ కళ్లారా చూడాలి. నాకు కావాల్సిందల్లా అదే.

ఆయనేమో రేడియో పనిలో పడ్డారు. నాకు పాటలంటే ప్రాణమని పెళ్లైన కొత్తల్లో నేను ఒకసారి అన్న మాట నిజమే, అది వేరే సంగతి. కారులో పెట్టుకునే రేడియోలు మదరాసులో దొరికేవట గాని, వాటి ధర వింటే మా మావగారు మంచం పట్టేవారు. అందుకని ఇంట్లో మూలపడిన బ్యాటరీ రేడియో కిందికి దించారు. టెంటు సినిమావాళ్లు పక్కన పడేసిన స్పీకరు తెచ్చి, దాని చిరిగిన అట్టకు గాలిపటం కాగితం, చింతగింజల జిగురు వేసి అతికించారు. దాన్ని టీ పొడి వచ్చే చెక్కపెట్టెలో బిగించి, పెట్టె అదరకుండా లోపలంతా గోనెపట్టా కొట్టారు. వెదురు బద్దకు రాగి తీగ చుట్టి ఏరియల్ అన్నారు. ఇంత చేశాక రేడియోకు, బ్యాటరీలకు చోటు చాల్లేదు. నా సీటు ఊడదీశారు.

"మరి నానో?" అన్నాను.

"డిక్కీలో కూకో. మారాణీలాగుంటావు" అన్నారు.

బస్తాలు వేసుకునే చోట పట్టుచీర కట్టుకున్న ఆడదాన్ని కూర్చోబెడితే చీపురుపల్లి బజారంతా నోరు తెరుచుకుని చూసింది. టీ పెట్టెను ఆయన వీపు వెనక తాళ్లతో బిగించారు, దాని మూతి సరిగ్గా నా ముఖానికి ఎదురుగా ఉంది. కాసేపు గరగర, కాసేపు ఈల, మధ్యలో ఒక పాట ముక్క. ఉండుండి ఆయన తల వెనక్కి తిప్పి, "ఇనిపిస్తందేటే?" అని అరిచేవారు. పొగిడించుకోవాలని తాపత్రయం కాబోలు అనుకున్నాను. కొంగు తలమీదికి లాక్కుని పలక్కుండా కూర్చున్నాను. శ్రీకాకుళం బజారులో పిల్లలు కేకలు వేస్తూ వెంటపడ్డారు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు కూడా "ఇనిపిస్తందేటే?" అన్నారు. ఊరందరికీ వినిపిస్తుంటే నాకు వినిపించదా అని లోపల్లోపల తిట్టుకున్నాను.

దారిలో బండి రెండుసార్లు మొరాయించింది. ఆయన దాని కిందికి దూరి లేచారు. పాతపట్నం చేరేసరికి ముఖమంతా మసి, చొక్కా నిండా నూనె. ఇంజనులోంచి ఆవిర్లు వస్తుంటే నీళ్లు పోస్తూ ఆయన వీధిలోనే ఉండిపోయారు. ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టి లోపలికి తీసుకుపోయారు.

"అల్లుడుగోరేరే? రానేదేటి?" అంది పెద్దమ్మ.

"వొస్తారు" అన్నాను.

"సాయంత్రం రైలుకా?"

నేను గుమ్మంలోంచి బయటికి చూశాను. ఆయన గోనెపట్టాతో ముఖం తుడుచుకుంటున్నారు, మసి ఇంకా పులుముకుంటోంది. కాస్త కడుక్కుని వస్తే అప్పుడు చూపిద్దాం అనుకున్నాను. నేను అనుకున్నది అంతే. ఆ చిన్న ఊహలోనే ఆయన్ని చూసి నేను సిగ్గుపడ్డానని తర్వాత గాని నాకు తెలియలేదు.

"ఒసే, ఆ డ్రైవరుకి అరుగు మీద ఇస్తరెయ్యండే. పాపం, ఎండన పడొచ్చినాడు" అని పెద్దమ్మ వంటింటివైపు కేకేసింది.

వెనక కూర్చున్నది యజమానురాలు, ముందు కూర్చున్నది డ్రైవరు. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ కేక నాకు శుభ్రంగా వినిపించింది. చుట్టూ అందరూ నా గొలుసు పట్టుకుని చూస్తున్నారు. ఇప్పుడు చెబితే నవ్వుతారు, ఒక్క నిమిషం ఆగి చెబుదాం అనుకున్నాను. ఆ నిమిషం సాగుతూనే పోయింది.

పెద్దమ్మ చిన్నకూతురు గరిటెతో లోపలికి వచ్చింది. "మీ డ్రైవరుకి ఒట్టి మొగమాటమప్పా. మారు అడగనేదు" అంది.

"ఆయనే మీ బావ" అన్నాను.

పెద్దమ్మ నీళ్ల చెంబు పట్టుకుని అరుగు మీదికి పరుగెత్తింది. "అయ్యో బాబూ, ఎంత పని సేసినాము!" అని లెంపలు వేసుకుంది.

"తప్పేటుందత్తా? డ్రైవరు పనే గదా సేసినాను. కూర బాగున్నాది" అని ఆయన నవ్వారు. పెద్దమ్మ భుజం మీదుగా ఒక్కసారి నావైపు చూశారు. నేను విస్తరివైపు చూశాను.

ఆ రెండు రోజులూ ఆయనకు జరగని మర్యాద లేదు. పీట వేశారు, పంచెల చాపు పెట్టారు, పెద్దమ్మ తన చేత్తో నెయ్యి వడ్డించింది. నేను కోరుకున్నదంతా జరిగింది. ఒక్కొక్కటి జరుగుతుంటే నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. లోపలికి వెళ్లగానే ఎందుకు చెప్పలేదని ఆయన నన్ను అడగలేదు. అడిగి నాలుగు తిట్టినా బాగుండేది.

తిరుగు ప్రయాణంలో "నాను ముందు కూకుంతాను" అన్నాను. చోటెక్కడిదే అన్నారు గాని, నేను బ్యాటరీల పెట్టె మీద గోనె మడిచి వేసుకుని, రేడియో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఊరు దాటాక ఆయన చెయ్యి చాపి రేడియో తిప్పారు. లోపల దీపం వెలిగింది. ఇంజను హోరు, గాలి తప్ప నాకింకేమీ వినబడలేదు.

"ఇది పలకట్లేదండీ" అన్నాను.

"పలుకుతంది. ఎనకాలికే ఇనిపిస్తాది."

"మరి మీకో?"

"నాకెందుకే? నానింజను సప్పుడు ఇనుకోవాల. పెట్టె నీకేసి తిప్పి కట్టినాను గదా."

వెనక్కి తిరిగి చూశాను. టీ పెట్టె ఖాళీ డిక్కీవైపు మూతి పెట్టి ఉంది. వచ్చేటప్పుడు అంత దూరమూ ఆయన ఒక్క పాటా వినలేదు. అన్నిసార్లు తల తిప్పి అడిగింది పాట వస్తోందో లేదో తనకు తెలియకే. నేను ఒక్కసారైనా బదులివ్వలేదు.

శ్రీకాకుళం బజారులో బండి ఆపమన్నాను. అందరూ చూస్తుండగా దిగి, రేడియో గోనె మీద పెట్టి, వెనక్కి వెళ్లి డిక్కీ ఎక్కి కూర్చున్నాను. బండి కదిలింది. గరగర మధ్యన పాట వస్తోంది. ఆయన తల తిప్పలేదు, ఏమీ అడగలేదు.

"ఇనిపిస్తందండీ!" అని నేనే అరిచాను.

ఇంజను చప్పుడులో ఆయనకు వినపడలేదు.