రెండో చరణానికి ముందరి ఊపిరి

మా బ్యాండ్‌కి ఒక అలవాటుంది. కచేరీ అయిపోగానే గిటార్లు సర్దుకుని పారిపోము. మైకులు ఆపేసి స్టేజీ అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటాం. వినడానికి వచ్చినవాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కుంటారు, చాయ్ వస్తుంది, ఎవరేం అడిగినా జవాబు చెబుతాం. దీన్ని మేం 'ముచ్చట' అంటాం. ఆ పేరు పెట్టింది వాడు. నీ పాట కోసం ఎవరొస్తున్నరు, నా ముచ్చట కోసం వస్తున్నరు అని నన్ను ఉడికించేవాడు కూడా వాడే.

వాడంటే మా బ్యాండ్‌లో రెండో గొంతు, బేస్ గిటారు. రాంగోపాల్‌పేట్‌లో వాళ్ళ నాన్నకి కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉండేది. నేను కార్ఖానా అనే పేటలో పెరిగిన పిల్లని. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ రంగుల షాపు పెట్టుకున్నాడు. మూడో మనిషి లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మా డ్రమ్మర్. అంతే, ముగ్గురం. ఇప్పుడు ఇద్దరం. వాడు పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు, ఒక్క వానాకాలంలో తీసుకుపోయింది. ఆ ఆసుపత్రి సంగతులు ఇక్కడ రాయను. జబ్బు గురించి చెప్పుకుంటూ పోతే మనిషి కనిపించకుండా పోతాడు.

ముచ్చటలో ఎక్కువ ప్రశ్నలు సామాన్ల మీదే వస్తాయి. ఏ పెడల్ వాడతారు, ఏ తీగలు వేస్తారు, యాంప్ ఏ కంపెనీది. నాకు ఒళ్ళు మండేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వేళ్ళు కదలనప్పుడు పెడల్ మారిస్తే ఏమొస్తుందయ్యా అని మొహం మీదే అనేసేదాన్ని. వాడు మోచేత్తో నన్ను పొడిచి, "గామె మాట పట్టించుకోకు భాయ్, పొద్దుగాల టిఫిన్ చెయ్యలే" అనేవాడు. తర్వాత తన గిటారు వెనక్కి తిప్పి, పగిలిన చోట అతికించిన సైకిల్ ట్యూబు ముక్క చూపించేవాడు. "సామాన్ గింతే. మిగిలిందంత పరేషానే." జనం గొల్లున నవ్వేవారు.

ట్యూన్ ముందా, మాటలు ముందా అని అడిగితే, "ఆకలి ముందు" అనేవాడు. నిజానికి వాడికి ట్యూన్లు స్కూటర్ మీదే వచ్చేవి. మా ఇంటి ముందు ఆగి, మర్చిపోతానన్న భయంతో హెల్మెట్ కూడా తీయకుండా పాడేసేవాడు. మా అమ్మ కిటికీలోంచి చూసి, "ఆ బుర్ర తీసి లోపలికి రమ్మనవే, చుట్టుపక్కలవాళ్ళు చూస్తున్నారు" అనేది.

ఒక్క ప్రశ్నకి మాత్రం వాడు వేళాకోళం చేసేవాడు కాదు. పాట ఎవరు నేర్పారని అడిగితే కొంచెం సర్దుకుని కూర్చునేవాడు. వాళ్ళ మామూ, అంటే తల్లి తమ్ముడు, మజ్లిస్ సభల్లో ప్రవక్తను కీర్తించే నాత్‌లు చదివేవాడు. మేనల్లుడికి చిన్నప్పుడే ఒక నియమం పెట్టాడు. ఊపిరి తీసుకున్నట్టు వినేవాళ్ళకి తెలియకూడదు. వినపడిందా, అది బేఅదబీ, మర్యాద తప్పడం. అందుకే వాడు ప్రతి పాదం చివర మొహం భుజం వైపు తిప్పి, చప్పుడు లేకుండా ఊపిరి తీసుకుని మళ్ళీ మైకు దగ్గరికి వచ్చేవాడు. చూసేవాళ్ళు అదేదో స్టైల్ అనుకున్నారు. కొందరు నేర్చుకున్నారు కూడా, పిచ్చి మొహాలు.

నాది దానికి పూర్తిగా వ్యతిరేకం. కార్ఖానాలో నాకు సంగీతం చెప్పిన టీచరుగారు, "ఏమిటే ఆ రొప్పు, మేడెక్కిన ఎద్దులా" అని నెత్తిన మొట్టేవారు. ఎన్ని మొట్టికాయలు పడ్డా నా రొప్పు పోలేదు.

మా పాటల్లో జనం మళ్ళీ మళ్ళీ అడిగేది ఒకటే. కరెంటు పోయిన మధ్యాహ్నం మేడ మీదికొచ్చిన ఇద్దరు పొరుగువాళ్ళ పాట. అది లాలాగూడలో డ్రమ్మర్ వాళ్ళ పైగదిలో రికార్డు చేశాం. బయటి చప్పుడు రాకుండా గోడలకి రజాయి బొంతలు కట్టాం. రైలు వస్తే ఆగాలి, రైల్వే వర్క్‌షాప్ సైరన్ మోగితే ఆగాలి. పైగా ఉన్న రెండు మైకుల్లో ఒకదాని వైరు తెగింది. వాడూ నేనూ ఒక్క మైకు ముందే భుజాలు రాసుకుంటూ నిలబడి పాడాం. నాకు ఆ పూట వాడి మీద కోపం, ఎందుకో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఆ కోపంలో రెండో చరణం నాదనుకుని నిండుగా ఊపిరి పీల్చాను. అది వాడి చరణం. నేను నోరు తెరిచేలోపే వాడి గొంతు మొదలైంది. నేను ఆ ఊపిరి బిగబట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాను, వాడు నవ్వు ఆపుకుంటూ పాడుతున్నాడు.

రైలు అడ్డం పడకుండా పాట పూర్తయింది ఆ ఒక్కసారే. నా రొప్పు పడింది, ఇంకోసారి పాడదాం అంటే వాడు ఒప్పుకోలేదు. "ఉండనీ యార్. మా మామూ ఇంటే నాదే అనుకుని తంతడు. తన్నులు నావి, ఊపిరి నీది." ఒక్క మైకులో రెండు గొంతులూ కలిసిపోయాయి కాబట్టి తర్వాత తీసేయడానికీ వీల్లేకపోయింది.

పాట జనంలోకి వెళ్ళాక అందరూ ఆ ఊపిరినే పట్టుకున్నారు. అది వినపడగానే వెంటనే వాడి గొంతు వస్తుంది కదా, వాడిదే అనుకున్నారు. ఎలా రికార్డు చేశారు, ఏ మైకు పెట్టారు అని ముచ్చటలో అడిగితే వాడు, "అది కొసరు భాయ్, పాటతో ఫ్రీ" అనేవాడు. నేను కింద నుంచి కాలితో తన్నేదాన్ని.

వాడు పోయాక మా డ్రమ్మర్ ఆ రెండో చరణాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. ఇప్పుడు కచేరీలో ఆ చోటు రాగానే బటన్ నొక్కుతాడు. ముందు నా ఊపిరి, తర్వాత వాడి గొంతు. వాడు బతికుండగా ఒక్కసారి కూడా సరైన వేళకి చరణం అందుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు ఒక్కసారి కూడా తప్పడం లేదు. దానికే నాకు భయం. స్పీకర్లోంచి నా వీపు మీదుగా నేనే ఊపిరి తీసుకుంటాను. వాడు పక్కన నిలబడి ఉండగా, వాడి మీద కోపంతో, వాడు ఎక్కడికీ పోడన్న ధీమాతో తీసుకున్న ఊపిరి అది. ఆ ఊపిరి తీసుకున్న అప్పటి నన్ను చూస్తే నాకు అసూయ. ఎదురుగా జనం కళ్ళు తుడుచుకుంటుంటారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు, వీళ్ళు ఊపిరి కూడా వాడికే కట్టబెట్టారు. పోనీలే, వాడికే ఉండనీ అనుకున్నాను.

అమ్మీ రావడం మొదలుపెట్టాక ఆ పోనీలే నిలవలేదు.

అమ్మీ అంటే వాడి తల్లి. మేమంతా అలాగే పిలుస్తాం. వాడు ఉన్నన్నాళ్ళూ మా కచేరీకి ఒక్కసారీ రాలేదు. "ఇంట్ల పొద్దంత వాని లొల్లే ఇంటున్న, మళ్ళ ఆడికొచ్చి సుత ఇనాల్నా?" అనేది. ఇప్పుడు కార్ఖానాలో మేం వాయించే హాలుకి ప్రతిసారీ వస్తుంది. డ్రమ్మరే ఆటోలో తీసుకొస్తాడు. నల్ల బురఖాలో, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని ముందు వరసలో కూర్చుంటుంది. రెండో చరణం దగ్గరపడగానే ముందుకు వంగుతుంది. వాడి గొంతు మొదలయ్యాక వెనక్కి వాలిపోతుంది. ఇది నాకు చాలా రోజులు అర్థం కాలేదు. కొడుకు గొంతు కోసం వచ్చిన మనిషి గొంతు రాగానే వెనక్కి వాలడమేమిటి?

ఒక ఆదివారం కచేరీకి ముందు తీగలు సరిచేసుకుంటుంటే డ్రమ్మర్ చెప్పాడు. "రోజు పొద్దుగాల నమాజ్ అయినంక ఫోన్ల గా పాట పెట్టుకుంటది. ఊపిరి దాంక ఇంటది. ఆపుతది. మళ్ళ మొదట్నుంచి పెడతది. పాట మొత్తం ఇనదు."

నేను తీగ వదిలేసి లేచాను. "చెప్పేద్దాంరా. అది నాదని చెప్పేద్దాం."

"ఏం చెప్తవ్? ఆమెకు మిగిలిందే గది. గది సుత గుంజుకుంటవా?"

డ్రమ్మర్ అన్నదీ నిజమే. గొంతు ఎన్ని పాటల్లోనైనా ఉంది, ఫోన్లలో ఉంది, పెళ్ళి వీడియోల్లో ఉంది. పాట అంటే పాడి పెట్టింది, మనిషి పోయినా ఉంటుంది. ఊపిరి అలా కాదు, అది బతికున్న మనిషిది. ఆ తల్లి రోజూ పొద్దున్నే కొడుకు బతికి ఉన్నాడని ఒక్క క్షణం వింటోంది. నోరు మూసుకోవాలని నిర్ణయించుకున్నాను. నా జన్మలో నేను నోరు మూసుకోవాలనుకున్న సందర్భాలు తక్కువ.

ఆ సాయంత్రం అమ్మీ ముచ్చటకి ఉండిపోయింది. ఎప్పుడూ పాటలయ్యాక లేచి వెళ్ళిపోయేది. ఎవరో కొత్త పెడల్ గురించి అడిగారు, చెప్పాను. ఇంకెవరో ఆ రెండో చరణం ఇకపై నువ్వే పాడొచ్చు కదా అన్నారు, నవ్వి ఊరుకున్నాను. అప్పుడు అమ్మీ బడిపిల్లలా చెయ్యెత్తింది. ఆమె ఎవరో అక్కడ మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. "అడగండి ఆంటీ, అడగండి" అని పక్కనున్నవాళ్ళు ఉత్సాహంగా చోటిచ్చారు.

"రెండో చరణం ముంగట ఊపిరి తీస్కుంటడు గద పిల్లగాడు," అంది అమ్మీ. "వానికి వాని మామూ ఊపిరి ఇనబడకుండ పాడుడు నేర్పిండు. ఎన్నడు ఇనబడలే. గా ఒక్కదగ్గరనే ఇనబడ్డది. అంటే బిడ్డా, వానికి గప్పటికే ఊపిరి అందుతలేదా? బీమారి గప్పుడే షురూ అయ్యిందా?"

ఆమె ఎవరో అందరికీ అప్పుడే తెలిసింది.

"నేను వానితోని ఒక్క ఇంట్లనే ఉన్న. రోజు రొట్టెలు చేసి పెట్టిన. మీ మైకుకు ఇనబడ్డది నాకెందుకు ఇనబడలే? ఇన్నుంటే గప్పుడే దవాఖానకు గుంజుకపోతుంటి గద."

అయ్యో దేవుడా! ఇంతకాలం ఆమె ఆ ఊపిరిలో కొడుకు బతుకు వింటోందనుకున్నాం. ఆమె తన తప్పు వింటోంది. రోజూ పొద్దున్నే, ఆపి, మళ్ళీ మొదటి నుంచి.

డ్రమ్మర్ నా వైపు చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వాడిదే అంటే ఆ తప్పు ఆమె మెడకి జీవితాంతం చుట్టుకుంటుంది. నాది అంటే ఆమె చేతిలో ఉన్న ఆఖరిది కూడా పోతుంది. స్టేజీ దిగి ఆమె కుర్చీ ముందు కూర్చున్నాను.

"అమ్మీ, అది నాది. ఆ ఊపిరి నేను తీసుకున్నది. చరణం నాదనుకుని పొరపాటు పడ్డాను. వాడికి ఆ రోజు ఏమీ లేదు. యాంప్ ఒక్కడే భుజాన వేసుకుని మేడెక్కాడు. నన్ను చూసి నవ్వుతూ పాడాడు. ఒట్టు."

"ఒట్టా?"

"మా అమ్మ మీద ఒట్టు."

"గప్పుడు మంచిగనే ఉన్నడా?"

"మంచిగా ఉన్నాడు అమ్మీ."

ఆమె మొహంలో ఏదో వదులైంది. బురఖా అంచుతో కళ్ళు తుడుచుకుంది. శుక్రియా, శుక్రియా అని గొణిగింది, నాతో కాదు, పైకి చూసి. నేను బయటపడ్డాననే అనుకున్నాను. అప్పుడు ఆమె అడిగింది.

"మరి వానిది ఏడున్నది?"

వాడు మంచి గాయకుడు. మామూ నేర్పినట్టే పాడాడు. ఏ పాటలోనూ, ఏ రికార్డులోనూ వాడి ఊపిరి లేదు.

"ఎక్కడా లేదు అమ్మీ."

సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. తర్వాత మెల్లగా లేచి, "నువ్వు గట్ల ఊపిరి తీస్కున్నప్పుడు వాడు ఎంత దూరంల ఉన్నడు?" అంది. దూరం లేదని చెప్పాను, లేచి నా ఎడమ భుజం తాకి చూపించాను. ఆమె వచ్చి నా ఎడమ పక్కన నిలబడింది. పొట్టి మనిషి, ఆమె తల నా భుజం దాకా వచ్చింది. కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు తియ్యి."

తీశాను. అంతమంది ముందు, మేడెక్కిన ఎద్దులా, గుండె నిండా.

దాని తర్వాత వాడి గొంతు రావాలి. మా డ్రమ్మర్ చెయ్యి ల్యాప్‌టాప్ దాకా వెళ్ళి ఆగిపోయింది, ఏ బటనూ నొక్కలేదు. అమ్మీ కళ్ళు తెరవలేదు. చెవి నా వైపు పెట్టి అలాగే నిలబడింది. నేను ఊపిరి బిగబట్టాను. ఛాతీ నొప్పెట్టింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఇంక నా వల్ల కాక వదిలేశాను.

అమ్మీ కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"ఇంక జెరసేపు ఆపకపోయినవా బిడ్డా," అంది.